కెమెరాకు ఆరు వేలు, ప్రాణానికి ఏడు వందలు

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. చేతికి నెలకు రూ.58,000 వస్తుంది. అద్దె, తిండి, తిరుగుడుకు రూ.30,000, తణుకులో ఉన్న అమ్మానాన్నలకు రూ.12,000, బండి వాయిదా రూ.4,600 (వచ్చే మే నెలతో తీరిపోతుంది), సిప్ రూ.5,000 పోతాయి. బ్యాంకులో రూ.38,000, ఈక్విటీ ఫండ్లలో రూ.1,40,000 ఉన్నాయి. ఏటా ఏప్రిల్‌లో రూ.60,000 దాకా బోనస్ వస్తుంది. ఈ డిసెంబరులో టాంజానియాలోని మాఫియా దీవికి వీపున సంచి వేసుకుని చవకగా వెళ్లాలని, 16 రోజులు ఉండి స్కూబా (సిలిండర్‌తో నీటి అడుగున ఈదడం) మొదటి స్థాయి, ఓపెన్ వాటర్ కోర్సు చేయాలని, వేల్ షార్క్‌లను చూడాలని కోరిక. తిరుగు ప్రయాణంలో జాంజిబార్‌లో రెండు రోజులు ఉంటాను. ఖర్చు రూ.2,15,000 అవుతుందని పట్టిక వేసి జత చేశాను. బ్యాంకు యాప్‌లో 16 శాతం వడ్డీకి, రెండేళ్ల గడువుకు రూ.2 లక్షల వ్యక్తిగత రుణం సిద్ధంగా ఉంది. రుణం తీసుకోవచ్చా, ఫండ్లు అమ్మాలా? ఆఫీసు ఆరోగ్య బీమాలో అమ్మానాన్నలు కూడా ఉన్నారు. నాన్నకు 61, మధుమేహం ఉంది. నాకు టికెట్‌తో వచ్చే రూ.700 బీమా, జాంజిబార్ తప్పనిసరి బీమా సరిపోతాయి కదా? చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. పదో తరగతి తర్వాత రాలేదు. డైవింగ్ కోర్సుకు ముందు నింపే ఆరోగ్య ఫారంలో అది రాయనక్కరలేదని స్నేహితులు అంటున్నారు.

జవాబు: రుణమా, ఫండ్లా అని అడిగారు. ఈ డిసెంబరుకైతే రెండూ వద్దు. అక్కడితో ఆపేసేవాడినే, మీ పట్టిక చూడకపోయి ఉంటే. ఇలాంటి పట్టికలు నాకు తరచూ వస్తుంటాయి. దీవి పేరు మారుతుంది, పొరపాటు మారదు. మంచం ఎక్కడ రెండు వందలు తక్కువకు దొరుకుతుందో రాత్రులు మేలుకుని వెతుకుతారు. అక్కడ జబ్బు చేస్తే ఎవరు, ఎలా, ఎవరి డబ్బుతో మోసుకొస్తారో మాత్రం ఒక్క పూట కూడా కనుక్కోరు.

మీ పట్టికలో ఆరో వరుసలో నీటి అడుగున వాడే కెమెరా అద్దె, రూ.6,000. పదకొండో వరుసలో బీమా, రూ.700. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా భయపెట్టింది ఈ రెండు వరుసలే. రుణం సంగతి తర్వాత చూద్దాం.

ముందు మీరు వెళ్లాలనుకుంటున్న చోటు ఎలాంటిదో గుర్తు చేస్తాను. దార్ ఎస్ సలామ్ నుంచి చిన్న విమానంలో మాఫియా అరగంట. మీరు డబ్బు మిగులుతుందని ప్రధాన భూభాగం ఒడ్డున ఉన్న న్యామిసాటి నుంచి బోటు ఎంచుకున్నారు. మంచిదే. దీవిలో దిగేది కిలిందోని అనే చిన్న పట్నంలో. డైవింగ్ జరిగేది దీవికి అవతలి వైపు, ఉటెండే దగ్గరి చోలే అఖాతంలో. అదంతా 1995లో ప్రకటించిన సముద్ర పార్కు. 822 చదరపు కిలోమీటర్లు, టాంజానియాలో అలాంటి పార్కుల్లో మొదటిది. గేటు దాటితే చాలు, నీళ్లలో దిగినా దిగకపోయినా విదేశీయులు రోజుకు 20 డాలర్ల పైచిలుకు రుసుము కట్టాలి. ఆ రుసుము మీ పట్టికలో ఉంది. శ్రద్ధగానే వేశారు.

పట్టికలో లేనిది ఒకటుంది. లోతులో ఊపిరి పీల్చినప్పుడు ఒంట్లో కరిగిన నైట్రోజన్, తొందరపడి పైకి వస్తే రక్తంలో, కీళ్లలో బుడగలు కడుతుంది. ఒక్కోసారి నియమాలన్నీ పాటించినా ఈ జబ్బు వస్తుంది. దానికి వైద్యం మనిషిని అధిక పీడన గదిలో పడుకోబెట్టి ఆక్సిజన్ ఇవ్వడం. కిలిందోనిలో జిల్లా ఆసుపత్రి ఉంది కానీ ఆ గది లేదు. జాంజిబార్‌కో, అంతకంటే దూరానికో తరలించాలి. మామూలు విమానంలో ఎక్కిస్తే ఎత్తుకు వెళ్లే కొద్దీ బుడగలు పెద్దవవుతాయి. అందుకని బాగా తక్కువ ఎత్తులో ఎగరాలి, లేదా లోపల సముద్రమట్టం దగ్గర ఉండేంత పీడనం ఉంచగల విమానం కావాలి. అలాంటి విమానాన్ని ప్రత్యేకంగా పిలిపిస్తే బిల్లు లక్షల్లోనే. అదీ ముందు ఎవరో ఒకరు హామీ ఇస్తేనే బయలుదేరుతుంది. ఆ ఎవరో ఒకరు ఎవరు? బ్యాంకులో రూ.38,000 ఉన్న మీరా, తణుకులో ఉన్న మీ నాన్నగారా?

జాంజిబార్ బీమా చాలదా అన్నారు. చాలదు. 2024 అక్టోబరు నుంచి జాంజిబార్ ప్రభుత్వం విదేశీ ప్రయాణికులకు తప్పనిసరి చేసిన 44 డాలర్ల బీమా అది. జాంజిబార్ పరిపాలన కిందికి వచ్చే దీవుల కోసం పెట్టింది. మాఫియా పటంలో వాటి పక్కనే కనిపిస్తుంది కానీ పాలన ప్రధాన భూభాగంతో. 1890లో జర్మన్లు దాన్ని తమ తూర్పు ఆఫ్రికా వలసలో కలుపుకున్నప్పటి నుంచి ఆ లెక్కే నడుస్తోంది. నూట ముప్ఫై ఏళ్ల కిందటి పంపకం మీ క్లెయిమును ఎగరగొడుతుందని మీరు అనుకుని ఉండరు.

ఇక టికెట్‌తో వచ్చే రూ.700 పాలసీ. కొనే ముందు దాని షరతుల పత్రం తెరిచి, సాహస క్రీడలు అన్న మాట ఎక్కడుందో వెతకండి. మినహాయింపుల్లో ఉంటే స్కూబాకు పైసా రాదు. కొన్ని పాలసీల్లో అర్హత ఉన్న శిక్షకుడి వెంట దిగితేనే అని ఉంటుంది. కొన్నిట్లో ఇన్ని మీటర్ల లోపలే అని ఉంటుంది. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ మిమ్మల్ని 18 మీటర్ల దాకా అనుమతిస్తుంది. మీ పాలసీ లోతు అంతకు తగ్గకూడదు. అత్యవసర తరలింపు పరిమితి, పీడన గది చికిత్స, ఈ రెండూ కాగితం మీద కనిపించాలి. కనిపించకపోతే కంపెనీకి మెయిల్ రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోనులో అమ్మాయి అన్నీ కవర్ అవుతాయి సార్ అంది అన్నది రేపు క్లెయిము దగ్గర సాక్ష్యం కాదు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ లాంటి సంస్థలు డైవర్ల కోసమే ఇచ్చే బీమా ఉంది, దాన్నీ చూడండి. దీనికి రూ.8,000 దాకా పక్కన పెట్టండి. కెమెరా అద్దె తీసేస్తే ముప్పావు వంతు అక్కడే వచ్చేస్తుంది.

మరో షరతు. కిలిందోని నుంచి ఉటెండేకు పికిపికి మీద, అంటే అద్దె మోటారు సైకిలు మీద కూడా పోవచ్చు. మీరే నడుపుదామనుకుంటారేమో. కొన్నేళ్ల కిందట ఒక కుర్రవాడు థాయిలాండ్ దీవిలో అద్దె స్కూటర్ మీద నుంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. బీమా ఉంది. అక్కడ చెల్లే డ్రైవింగ్ పర్మిట్ లేదు. కంపెనీ క్లెయిము తిరస్కరించింది. ఆసుపత్రి బిల్లు కార్డు మీద గీకాడు. నెలకు మూడున్నర శాతం చొప్పున పెరిగిన ఆ బాకీ తీర్చే దారి చెప్పమనే నా దగ్గరకు వచ్చాడు. స్కూటర్ అద్దె రోజుకు ఎంత తక్కువకు బేరమాడాడో అప్పుడు కూడా గర్వంగానే చెప్పాడు.

ఉబ్బసం మాట. నేను వైద్యుడిని కాను. ఉబ్బసం చరిత్ర ఉన్నవారు నీటిలో దిగవచ్చో లేదో ఛాతీ వైద్యుడు పరీక్షించి చెప్పాలి. కొందరికి అనుమతిస్తారు, కొందరికి ఇవ్వరు. డబ్బు సంగతి మాత్రం నేను చెప్పగలను. ఫారంలో లేదు అని రాసి సంతకం పెడితే మీ బీమా చిత్తుకాగితం కావచ్చు. ప్రమాదం ఊపిరికి సంబంధించినదైతే వాళ్లు మొదట అడిగేది ఆ ఫారమే. ప్రాణం మాట అటుంచి, స్నేహితుల సలహా మీ అమ్మానాన్నల నెత్తిన ఎన్ని లక్షలు వేస్తుందో లెక్క కట్టుకోండి. ఆ స్నేహితులు వాటా పంచుకోరు.

ఆఫీసు బీమా ఉందన్నారు. అలాంటి గ్రూపు పాలసీలు సాధారణంగా మన దేశంలోని ఆసుపత్రులకే పనికొస్తాయి. ఉద్యోగం పోయిన రోజు అవీ పోతాయి. అప్పుడు 61 ఏళ్ల మధుమేహ రోగికి కొత్తగా పాలసీ కావాలంటే ప్రీమియం ఎక్కువ, నిరీక్షణ కాలం (ముందే ఉన్న జబ్బుకు క్లెయిము రాని మొదటి గడువు) వేరే. కాబట్టి వచ్చే ఏప్రిల్ బోనస్ మీ అమ్మానాన్నల సొంత పాలసీకి, మీ సొంత పాలసీకి పోవాలి. అది విహారయాత్ర డబ్బు అని మీ పట్టిక అడుగున రాసుకున్నారు. కొట్టేయండి.

బీమా ఎంత మంచిదైనా కొన్ని ఖర్చులకు ముందు మీరు పెట్టుకుని తర్వాత రాబట్టుకోవాలి. అక్కడ అత్యవసర నిధి కావాలి. మీ నెల ఖర్చు రూ.46,600. బ్యాంకులో ఉన్నది 24 రోజులకు వస్తుంది. ఆరు నెలలకు రూ.2,80,000 ఉండాలి. ఫండ్లు కలిపినా మీ దగ్గర రూ.1,78,000. ఇంకా లక్షా రెండు వేలు తక్కువ. మీరు ఉటెండేలో ఉండగా తణుకు నుంచి ఫోను వచ్చిందనుకోండి. బోటు దొరికి, దార్ చేరి, అప్పటికప్పుడు ఉన్న ధరకు టికెట్ కొని ఇల్లు చేరడానికి రెండు రోజులు. ఆ టికెట్ డబ్బు, ఆసుపత్రిలో కట్టే అడ్వాన్సు ఎక్కడి నుంచి తెస్తారు? రుణం మొత్తం అప్పటికే సముద్రంలో పోసి ఉంటారు.

రుణం. రూ.2 లక్షలకు 16 శాతం చొప్పున రెండేళ్లకు ఈఎంఐ సుమారు రూ.9,790. వడ్డీ రూ.35,000. ప్రాసెసింగ్ రుసుము 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే దాదాపు రూ.39,700 అదనం. మీకు నెలకు మిగిలేది రూ.6,400. అంటే మొదటి నెలలోనే సిప్ ఆపాలి. ఫండ్లు కదపకుండా ఉండడానికే రుణం అనుకుంటే, దానికి ఇక అర్థం ఏముంది? యాప్‌లో రుణం సిద్ధంగా ఉందంటే బ్యాంకు అమ్మడానికి సిద్ధంగా ఉందని. మీరు తీర్చగలరని వాళ్లేమీ పూచీ పడలేదు. యాత్రకు రుణం తీసుకోవచ్చా అని అడిగే ఉత్తరాలకు ఇకపై జవాబు రాయకూడదనిపిస్తుంది, మళ్లీ రాస్తూనే ఉంటాను. ఫండ్లు అమ్మి వెళ్లడం రుణం కంటే నయం, అంతే. కార్డు ఈఎంఐ గురించి అడగనందుకు ధన్యవాదాలు.

అలాగని మాఫియాను మరచిపోమనడం లేదు. సెప్టెంబరు నుంచి మే దాకా సిప్ డబ్బు, మిగులు కలిపి నెలకు రూ.11,400 పక్కన పెడితే తొమ్మిది నెలల్లో రూ.1,02,600. అత్యవసర నిధి లోటు పూడుతుంది. అందులో ఫండ్ల వాటా ఉంది కనుక దాన్ని విడతలవారీగా స్థిరమైన చోటికి మార్చండి. జూన్ నుంచి బండి వాయిదా ఉండదు. నెలకు రూ.16,000 చొప్పున ఫిబ్రవరికి రూ.1,44,000. పది రోజులకు, నాలుగు డైవ్‌లకు కుదించుకుంటే మీరు పట్టికలో వేసిన ధరలతోనే అది సరిపోతుంది. కోర్సు అండమాన్‌లోనో పుదుచ్చేరిలోనో ముందే చేసుకోండి. ఏప్రిల్‌లో జీతం పెరిగితే ఆ పెరిగిన డబ్బు దానికి. వేల్ షార్క్‌లు కిలిందోని దగ్గరకు వచ్చేది అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి మధ్య నుంచి పెద్ద వానలు, అటు జరపవద్దు.

పట్టిక తిరగరాసేటప్పుడు ఇంకో రోజు కలపండి. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి, 24 ఉంచుకుంటే మేలు. చిన్న విమానమైనా అదే నియమం. మలేరియా ఉన్న ప్రాంతం, మందు రాసే వైద్యుడికి డైవింగ్ సంగతి చెప్పండి, కొన్ని మందులు దానికి సరిపడవు. నైరోబీ లేదా అడిస్ అబాబా మీదుగా చవక టికెట్ తీసుకుంటే ఎల్లో ఫీవర్ టీకా పత్రం వెంట ఉంచుకోండి. టీకా వేసిన పది రోజులకు గానీ అది చెల్లదు.

అన్నిటికంటే ముందు ఛాతీ వైద్యుడిని కలవండి. ఆయన వద్దంటే బాధపడకండి. మాఫియాలో వేల్ షార్క్‌లను చూసేది నీటి పైభాగంలోనే, పడవ మీద నుంచి దిగి స్నార్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకుని. దానికి సిలిండర్ అక్కరలేదు, కోర్సు అక్కరలేదు. మీ పట్టికలో దాని ఖర్చు రూ.6,000. ఆ కెమెరా అద్దె ఎంతో అంతే.