వంతులు కూడితే జీతం లెక్క ఎందుకు తప్పుతుంది?

ప్రశ్న: జీతంలో మూడో వంతు అద్దెకు, మిగిలిన దాంట్లో నాలుగో వంతు అప్పు వాయిదాకు, ఆపైన మిగిలిన దాంట్లో 40 శాతం ఇంటి ఖర్చులకు పోతోంది. నెలకు 18,000 పొదుపు చేయాలంటే ఎంత జీతం ఉండాలి? నాకు 10,80,000 అని వస్తోంది. తప్పెక్కడ?

జవాబు: మీరు మూడు వంతులనూ కూడేశారు. 1/3, 1/4, 2/5 కలిపితే 59/60. మిగిలేది 1/60 కాబట్టి 18,000ను 60తో హెచ్చవేశారు. మూడూ మొత్తం జీతం మీదే లెక్కగట్టిన వంతులైతే అది సరైన జవాబే. మీ లెక్కలో అద్దె ఒక్కటే మొత్తం మీద. వాయిదాకు, ఖర్చులకు ఆధారం వేరు. ఆధారం వేరైన వంతులను కూడకూడదు.

పోయింది కాకుండా, ప్రతిసారీ మిగిలింది రాసుకోండి. అద్దె పోగా 2/3. వాయిదా పోగా అందులో 3/4. ఖర్చులు పోగా అందులో 3/5. మూడింటినీ హెచ్చవేస్తే 3/10. జీతంలో 3/10 వంతు 18,000 అయితే జీతం 60,000. వెనక్కి సరిచూడండి: అద్దె 20,000, మిగిలిన 40,000లో వాయిదా 10,000, మిగిలిన 30,000లో ఖర్చులు 12,000, చేతిలో 18,000. మూడో వంతును 33 శాతంగా మాత్రం మార్చకండి, జీతం 59,701 అని వస్తుంది. భిన్నాన్ని భిన్నంగానే ఉంచితే ఆ తేడా రాదు.

లెక్క కుదిరినా, ఇంకో సంగతి చూడాలి. రేపు పొదుపు 24,000 చేయాలనుకుంటే ఇదే పద్ధతిలో జీతం 80,000 కావాలని తేలుతుంది. అది నిజం కాదు. జీతం పెరిగిందని అదే ఇంటి అద్దె, అదే అప్పు వాయిదా పెరగవు కదా! ఆ రెండూ కలిపి 30,000 దగ్గరే ఉంటాయి. కాబట్టి ముందు 24,000 ÷ (3/5) = 40,000 అని తేల్చి, దానికి 30,000 కలపండి: 70,000 చాలు. స్థిరంగా ఉండే ఖర్చును వంతుగా రాసినందుకే 10,000 ఎక్కువ చూపించింది.

ఈ 70,000లోనూ ఇంటి ఖర్చులు 12,000 నుంచి 16,000కు పెరిగినట్టు లెక్క. వాటినీ 12,000 దాటనివ్వకపోతే 66,000 జీతంతోనే 24,000 మిగులుతుంది.