ఫార్మాట్ కొట్టించాం సార్, అయినా...

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి నాకొచ్చే మెయిళ్లది ఒకటే పాట. "ఫార్మాట్ కొట్టించి కొత్త విండోస్ వేయించాం, ఫలానాది పోయింది" అని కొందరు, "ఫలానాది పోలేదేంటి" అని కొందరు. ఈ వారం రెండు రకాలూ వచ్చాయి.

చిత్తూరులో ఒక మామిడి మండీలో లెక్కలు రాసే ఆయన ఇలా రాశారు: "అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డీ డ్రైవ్‌లోనే వేసుకున్నాం సార్. సీ ఒక్కటే ఫార్మాట్ చేసినారు. ఫోల్డర్ అట్లనే ఉంది గానీ నొక్కితే ఎర్రర్ వస్తా ఉంది. రెండు సీజన్ల రైతుల బాకీలు దాంట్లోనే ఉండాయి. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చెరిగిపోతాయా?"

ముందు ఆ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అది అయ్యాకే ఇంకేదైనా. డీలో మీకు మిగిలింది ప్రోగ్రామ్ ఫైళ్లు. అవి నడవడానికి కావాల్సిన రిజిస్ట్రీ (విండోస్ రాసుకునే సెట్టింగుల చిట్టా) నమోదులు సీలో ఉండేవి, సీతోపాటే పోయాయి. అదే వెర్షన్‌ను వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి, డేటా ఎక్కడుందని అడిగినప్పుడు పాత ఫోల్డర్ కాపీని చూపించండి. లెక్కలు నిజంగా డీలోనే ఉంటే వచ్చేస్తాయి.

ఆ "నిజంగా" దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు ప్రోగ్రామ్ ఎక్కడ పెట్టాలో మర్యాదగా అడుగుతాయి. డేటాను మాత్రం చెప్పాపెట్టకుండా సీలోని ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా అనే ఫోల్డర్లలో పడేస్తాయి. అవేమో మామూలుగా కంటికి కనిపించవు. మండీ గుమస్తా వాటిని వెతికి పట్టుకోవాలని ఏ మేధావి అనుకున్నాడో! ఒక చిన్న ఆశ: చాలామంది షాపు కుర్రాళ్లు ఫార్మాట్ అని డబ్బు తీసుకుని, పాత విండోస్ మీదే కొత్తది వేసి పంపిస్తారు. సీలో 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. ఉంటే పాతవన్నీ అందులోనే ఉంటాయి. పది రోజులు దాటితే విండోసే దాన్ని తీసేస్తుంది కాబట్టి రేపు చూద్దాం అనుకోవద్దు.

డీ డ్రైవ్ అంటే బ్యాకప్ అనుకునేవాళ్లకు ఇంకో మాట. సీ, డీ రెండూ చాలావరకు ఒకే డిస్క్‌లో రెండు గదులు. ఆ డిస్క్ చచ్చిపోతే రెండూ పోతాయి. పైగా ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకు తాళం వేసే ఏర్పాటు, దానంతట అదే ఆన్ అయి ఉంటోంది. సీ ఫార్మాట్ అయ్యాక డీ తెరవబోతే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలామంది కీ వాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతానేమో షాపులో కుర్రాడు తన ఫోన్ నంబర్‌తో తెరిచి ఉంటాడు. డేటా ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది, తాళం మీ దగ్గర లేదు, అంతే.

ఇంకొకరి ఫిర్యాదు: "ఫార్మాట్ చేసినా ఫొటో సాఫ్ట్‌వేర్ ట్రయల్ అయిపోయిందనే అంటోంది. ఎక్కడ దాక్కుంది?" మీ డిస్క్‌లో దాక్కోవాల్సిన పని దానికి లేదు. మదర్‌బోర్డ్ వివరాలతో మీ మెషిన్‌కు ఒక గుర్తు తయారుచేసి కంపెనీ సర్వర్‌లో రాసుకుని ఉంటుంది. కీ అడగకుండానే మీ విండోస్ మళ్లీ యాక్టివేట్ అయ్యేది కూడా చాలావరకు ఈ పద్ధతిలోనే. అది ఉచితంగా వచ్చింది కాబట్టి మీరు ఫిర్యాదు చేయలేదు!

ఇక నన్ను నిద్రపోనివ్వని ఉత్తరం. తిరుపతి బైరాగిపట్టెడలో నెట్ సెంటర్ నడిపే ఆయన: "ఐదు పాత సిస్టమ్‌లు అమ్మేశాను. దర్శనం టికెట్ల కోసం వచ్చినవాళ్ల ఆధార్ స్కాన్లు ఉండేవి. ఫార్మాట్ చేసే ఇచ్చాను, ఒక్కోటి అర నిమిషంలో అయిపోయింది. భయమేం లేదు కదా?"

ఉంది. అర నిమిషంలో అయ్యేది క్విక్ ఫార్మాట్. మన ఊళ్లో సత్రం సంగతి మీకు చెప్పక్కర్లేదు. గది ఖాళీ అని కౌంటర్‌లో పుస్తకంలో కొట్టేస్తారు, కానీ తలుపు తీసి చూస్తే చాపా బకెట్టూ అలాగే ఉంటాయి. ఇంకొకరికి గది ఇచ్చేదాకా ఎవరూ ఊడ్వరు. హార్డ్ డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ అంతే. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్‌ల డిస్క్) అయితే కొంత నయం, పుస్తకంలో కొట్టేయగానే ఊడ్చేవాళ్లకు కబురు వెళ్తుంది. టెక్ భాషలో దాన్ని ట్రిమ్ అంటారు. మీ పాత సిస్టమ్‌లలో ఉన్నవి హార్డ్ డిస్క్‌లే అయ్యుంటాయి.

ఒకసారి లీలామహల్ సెంటర్ దగ్గర పాత సామాన్ల కొట్టులో 500 జీబీ డిస్క్ ఒకటి కొన్నాను. తెరిస్తే ఖాళీ. ఉచితంగా దొరికే రికవరీ ప్రోగ్రామ్ పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే వేల ఫైళ్లు, పేర్లు పోయి ఒట్టి అంకెలతో. వాటిలో ఒక ముసలి దంపతుల ఆధార్ కార్డులు, పక్కపక్కన పెట్టి స్కాన్ చేసినవి. కార్డు జారకుండా పట్టుకున్న ఎవరిదో బొటనవేలు కూడా అంచున పడింది. పన్నెండు అంకెలూ స్పష్టంగా ఉన్నాయి. ఆ తర్వాతిది చూడలేదు, డిస్క్ మొత్తం సున్నాలతో నింపేశాను.

అసలు అవి అక్కడ ఎందుకుండాలి? నంబర్ టైప్ చేసుకుని కార్డు వెనక్కిచ్చేస్తే పనైపోతుంది కదా. స్కాన్ చేసి డెస్క్‌టాప్ మీద పడేసి, రెండేళ్లు అలాగే ఉంచడం దేనికి? లాడ్జీలదీ ఇదే వరస, వాట్సాప్‌లో పంపమంటారు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ప్రభుత్వమే ఇస్తోంది. అది చూపిస్తే "ఇది చెల్లదండీ" అని కౌంటర్‌లో కుర్రాడి తీర్పు. కొండకొచ్చే మనిషికి గది కావాలి, రైలు దిగి అలసిపోయి ఉంటాడు, వాదించడు, ఇచ్చేస్తాడు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. మన కౌంటర్ల దాకా ఇంకా నడిచి రాలేదు.

ఇకపై అమ్మేటప్పుడు డిస్క్‌ను ఇంకో సిస్టమ్‌కు తగిలించి, ఫార్మాట్ పెట్టెలో 'క్విక్' దగ్గర టిక్ తీసేయండి. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ అంటే డిస్కంతా సున్నాలు రాస్తుంది. అంతకు ముందటి ఎక్స్‌పీలో రాయదు, ఇంకా ఎక్స్‌పీ వాడేవాళ్లుంటే గుర్తుంచుకోండి. గంటా రెండు గంటలు పడుతుంది. ఏడుసార్లు తుడవాలనేవి పాత కబుర్లు, ఒకసారి చాలు. ఎస్‌ఎస్‌డీకి మాత్రం దాని కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ అనే తుడిచే ప్రోగ్రామ్ వాడాలి.

ఆ ఐదింటిని కొన్నవాళ్ల నంబర్లు మీ దగ్గరుంటే ఈరోజే ఫోన్ చేయండి. డిస్కులు వెనక్కిచ్చేస్తే కొత్తవి వేసిస్తానని చెప్పండి. ఖర్చు మీదే.