రంగు కంటికి కనిపిస్తోంది కదా!

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. రేస్, అంటే తెల్లజాతి, నల్లజాతి అనే విభజన, పుట్టుకతో వచ్చేది కాదు, సమాజం కల్పించిందే అని క్లాసులో చెప్పారట. తెలుపూ నలుపూ కళ్లెదుట కనిపిస్తుంటే కల్పన ఎలా అవుతుందండీ?
— ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, రంగు లేదని ఎవరూ అనడం లేదు. నాకు సంబంధాలు చూసే రోజుల్లో గుంటూరు బ్రాడీపేటలో మా పెళ్లిళ్ల పేరయ్యగారు నన్ను 'చామనఛాయ' అని రాసుకున్నారు. కట్నం మాట తేలాక అదే నోటితో 'పిల్ల ఎరుపేనండీ' అన్నారు. ఆ రెండు వారాల్లో నేను పౌడరు కూడా మార్చలేదు.

అమెరికాలో ఈ పేరయ్య పని సుప్రీంకోర్టు చేసింది. వలస వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకీ, ఆఫ్రికా మూలాలున్నవాళ్లకీ తప్ప అప్పట్లో పౌరసత్వం ఇచ్చేవారు కాదు. తకావో ఒజావా అనే జపాన్ ఆయన తన చర్మం తెలుపేనని వాదించాడు. చర్మం కాదు, కాకేసియన్ (ఐరోపావాళ్లని చేర్చిన జాతికి ఆనాటి శాస్త్రం పెట్టిన పేరు) అయితేనే తెల్లవాడని 1922 నవంబరులో కోర్టు తేల్చింది. మూడు నెలలకే భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసు వచ్చింది. అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆనాటి శాస్త్ర గ్రంథాల లెక్కలో ఉత్తర భారతీయులు కాకేసియన్లే. అప్పుడు అదే జడ్జి, సదర్లాండ్, శాస్త్రం మాట పక్కనపెట్టి, సామాన్యుడి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావన్నాడు. కల్పన అంటే ఇదమ్మా. థింద్ తక్కువ తినలేదు, అగ్రకులం వాడినని కూడా చెప్పుకున్నాడు. తెల్లవాళ్లకీ మిగతావాళ్లకీ మధ్య గీత చెరపమనలేదు, తనని తెల్లవాళ్ల వైపుకి లాగమన్నాడు. అది నాకు మింగుడుపడదు.

జన్యువులు చూసినా అంతే. మనుషుల మధ్య తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉన్నాయని 1972లో లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త లెక్కగట్టాడు. అంటే రేసుకీ రేసుకీ మధ్య మిగిలే తేడా కొంచెమే.

అయితే కల్పన కదా అని కొట్టిపారేయకండి. 1930లలో అక్కడి ప్రభుత్వ సంస్థే నల్లవాళ్ల పేటలకి మ్యాపుల్లో ఎర్రరంగు పులిమింది, అప్పివ్వడం ప్రమాదమని. మ్యాపు చూసి అప్పు లేదన్న గుమాస్తాకి ఎవరిమీదా ద్వేషం ఉండనక్కర్లేదు. దీన్నే సంస్థాగత వివక్ష అంటారు. ఇక్కడ ఇల్లు అద్దెకడిగితే 'మీరేమిట్లు?' అంటారు చూడండి, పని అదే. కానీ కులమూ రేసూ ఒకటే అనేయకండి. పంజాబ్ బ్రాహ్మణుడూ పంజాబ్ చమారూ (అక్కడి దళిత కులంవాడు) ఒకే రేస్ కదా అని అంబేద్కర్ 1936లోనే అడిగారు.

థింద్‌కి చివరికి ఆ 1936లోనే పౌరసత్వం దొరికింది, మాజీ సైనికుల చట్టం కింద. మీ అబ్బాయి పాఠంలో ఆయన పేరు వచ్చిందేమో కనుక్కుని రాయండి.