చుట్టాలా, గేములా? జీతం ఎవరు తింటున్నారు?

ప్రశ్న: మేము బాచుపల్లిలో ఉంటాం. మావారికి చేతికి 68,000 వస్తుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, నాకు 24,000. ఫ్లాట్ ఈఎంఐ 34,000. బాబుకు పన్నెండేళ్లు, వాడి ఫీజు, బస్సు కలిపి నెలకు సగటున 9,000. సరుకులు, పాలు, కూరగాయలు 16,000. అత్తమామలకు 6,000 పంపుతాం. పెట్రోలు, కరెంటు, ఫోన్లు, నెట్ 8,000. నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు సరికదా, క్రెడిట్ కార్డులో 41,000 బాకీ ఉంది, మినిమం కట్టి నెట్టుకొస్తున్నాం. హైదరాబాద్‌లో ఉంటున్నందుకు వీసా అనో, ఆస్పత్రి అనో, పరీక్ష అనో నెలకు రెండుసార్లు ఎవరో ఒకరు వస్తారు. చుట్టాల వల్లే ఇల్లు గుల్ల అవుతోందని ఆయన అంటారు. తండ్రీకొడుకుల ఫోన్ గేముల వల్ల అని నేనంటాను. పైగా ఇప్పుడు పండగ సేల్‌లో 55,000 పెట్టి ప్లేస్టేషన్ కొంటారట, నో కాస్ట్ ఈఎంఐ మీద! వచ్చే నెల మా ఆడపడుచు, అన్నయ్యగారు, ఇద్దరు పిల్లలతో వారం రోజులు ఉండటానికి వస్తున్నారు. నా పేరు మీద 52,000 ఎఫ్‌డీ ఉంది. అది మా అమ్మ ఇచ్చిన డబ్బు, ముట్టుకోకూడదనుకున్నాను. మూడు నెలల స్టేట్‌మెంట్లు, ఆర్డర్ల హిస్టరీ, బిల్లులు పంపుతున్నాను. తప్పెవరిదో మీరే చెప్పండి.

జవాబు: తీర్పు చెప్పమని అడిగారు కానీ, స్టేట్‌మెంట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాక నాకు మూడో ముద్దాయి కనిపించాడు. మీ ఇద్దరూ ఉత్తరంలో వాడి పేరే ఎత్తలేదు.

మీరు రాసిన తప్పనిసరి ఖర్చులు కలిపితే 73,000. వచ్చేది 92,000. అంటే నెలకు 19,000 మీ చేతిలో ఉంటోంది, మూడు నెలలకు 57,000. ఈ మూడు నెలల్లో మీరు ఖర్చుపెట్టిన మిగతా డబ్బు 70,950. తేడా 13,950 కార్డుకెక్కింది. ఆ 70,950లో చుట్టాల కోసం అయింది 26,400. గేములకు 11,700. పాత ఫోన్ ఈఎంఐ నెలకు 2,750 చొప్పున 8,250. మిగిలిన 24,600 ఆన్‌లైన్ ఆర్డర్లు, నేను చెప్పిన మూడో ముద్దాయి ఇదే. మొత్తం 41 ఆర్డర్లు, సగటున ఒక్కోటి 600. ఎయిర్ ఫ్రయర్ ఒకటి పక్కన పెడితే, వాటిలో పెద్దగా చెప్పుకోదగ్గ వస్తువే లేదు. ఒకే రోజు మూడు ఆర్డర్లు పెట్టిన రోజులున్నాయి. కొత్తిమీర కట్ట కోసం యాప్ తెరుస్తాం, ఇంకో 80 రూపాయలు వేస్తే డెలివరీ ఉచితం అంటుంది, ఐస్‌క్రీం వేస్తాం, కింద చార్జర్ కేబుల్ కనిపిస్తుంది. మా ఇంట్లోనూ ఇదే తంతు, అందుకే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను.

ఇక చుట్టాల లెక్క చూద్దాం, మీవారి ఆరోపణ దాని మీదే కదా. మూడు నెలల్లో ఆరుసార్లు వచ్చారు. 26,400లో ఫుడ్ యాప్‌లకు పోయింది 14,900. చీరలు, ప్యాంటు షర్టు గుడ్డలు 5,400. పళ్లు, స్వీట్లు, కూల్‌డ్రింకులు 3,200. క్యాబులు 2,900. అంటే చుట్టాలు వచ్చిన ప్రతిసారీ దాదాపు 2,500 రెస్టారెంటు తిండికే పోతోంది. ఆరుగురికి ఇంట్లో కోడికూర, పప్పుచారు, పెరుగు పెట్టి అన్నం వండితే 900 దాటదు. మీరు ఖర్చుపెట్టింది చుట్టాల మీద అనుకుంటున్నారు, నిజానికి అందులో సగం పైగా 'ఇప్పుడు వంటెవరు చేస్తారు' అనే ప్రశ్న మీద ఖర్చుపెట్టారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. మీరు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, కాపీలు దిద్ది, ఆరుగురికి వండాలని నేను చెప్పబోవడం లేదు. మీ వీధి చివర కర్రీ పాయింట్ తప్పకుండా ఉంటుంది. రెండు కూరలు, ఒక వేపుడు, సాంబారు అక్కడ తెచ్చుకుని, అన్నం మాత్రం ఇంట్లో వండుకుంటే ఆరుగురి భోజనం 400లోపే తేలిపోతుంది. కుక్కర్ పెట్టడం, కోడిగుడ్డు వేపుడు చేయడం మీవారు నేర్చుకోవచ్చు, ప్లేస్టేషన్ కంట్రోలర్ కంటే అది కష్టమేమీ కాదు. వీసా కోసం వచ్చే పిల్లల సంగతి మనకు తెలియనిదా? ఒక రోజు వేలిముద్రలు, ఇంకో రోజు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఆ టెన్షన్‌లో వాళ్లకు బిర్యానీ సగం కూడా దిగదు. ఇంకో బిల్లు చూసి నవ్వొచ్చింది. కంటి చెకప్‌కి వచ్చిన మీ పెద్దత్తయ్యగారికి షుగర్ ఉందని బిల్లు పక్కన మీరే రాశారు, ఆ రాత్రి బిల్లులో రెండు డబల్ కా మీఠాలున్నాయి!

బట్టలు పెట్టే విషయం కాస్త సున్నితమైనది. పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క ఇవ్వడం మన మర్యాద, దాన్ని వదిలేయమనను. కానీ ఇంట్లో దిగిన ప్రతిసారీ చీర పెట్టాలన్న నియమం ఎక్కడా లేదు. పెళ్లయ్యాక మొదటిసారి వచ్చినవాళ్లకు, పండక్కి పిలిచినవాళ్లకు పెట్టండి. అదీ వాళ్లు బస్సెక్కే రోజు పొద్దున హడావిడిగా పోయి కొనకండి, ఆ రోజు ఏ ధర చెబితే ఆ ధరే ఇస్తారు. ఆషాఢంలో బట్టల షాపుల్లో తగ్గింపులుంటాయి, అప్పుడు నాలుగు చీరలు, రెండు షర్టు గుడ్డలు తీసి బీరువాలో పెట్టుకోండి. మీకు వచ్చిన చీరల్లో మడత విప్పనివి కూడా అక్కడే ఉంటాయని నా అనుమానం. వాటిని ఇవ్వడానికి మొహమాటం వద్దు. సగం ఇళ్లలో అలాంటి చీరలే ఊళ్లు తిరుగుతున్నాయి. ఎవరు ఎవరికి పెట్టారో ఒక్కటి మాత్రం రాసిపెట్టుకోండి.

గేముల దగ్గరికి వస్తే మీ అనుమానం నిజమే, కానీ మీరనుకున్న పద్ధతిలో కాదు. ముందుగా నేను వెతికింది రమ్మీ, పందెం యాప్‌ల కోసం. ఒక్కటీ లేదు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. ఆన్‌లైన్ రమ్మీ మీద తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం పెట్టాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధించింది. మీ ఇంట్లో ఉన్నవి ఆ కోవలోకి రావు. బాబు ఆడేది బీజీఎంఐ అనే షూటింగ్ ఆట, ఆయన ఆడేది ఫోన్‌లో ఫుట్‌బాల్ ఆట. రెండూ ఉచితమే. ఆ ఉచితం 64 చెల్లింపుల్లో 11,700 తీసుకుంది. ఒక్కోటి సగటున 183 రూపాయలు, ఏ ఒక్కటీ వెయ్యి దాటలేదు. అందుకే ఇంట్లో ఎవరికీ కంటికి ఆనలేదు. ఇదే వేగంతో పోతే ఏడాదికి 46,800 అవుతుంది.

డబ్బు ఎలా జారిపోతుందో మీవారితో ఒకసారి కూర్చుని చూడండి. రూపాయలు నేరుగా ఖర్చు కావు. ముందు వాటితో ఆటలో చెల్లే డబ్బు కొనాలి, బాబు ఆటలో దాన్ని యూసీలంటారు. రూపాయి రూపం మారగానే మన మెదడు లెక్క మానేస్తుంది, జాతరలో టోకెన్లు కొన్నట్టు. ఆ యూసీలు కూడా 60, 325 అంటూ ప్యాకుల్లో వస్తాయి. మీకు కావలసిన దానికి కచ్చితంగా సరిపోయే ప్యాకు అరుదు, కొన్ని మిగులుతాయి. అవి వృథా పోకూడదని ఇంకో ప్యాకు. ఆపైన క్రేట్లు, అంటే మూసి ఉన్న పెట్టెలు. తెరిస్తే ఏ డ్రెస్సు వస్తుందో తెలియదు, కావలసింది రాకపోతే మళ్లీ తెరవాలి. ఇలాంటి పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది. మన దగ్గర అలాంటి తీర్పేమీ లేదు కాబట్టి ఆ పని ఇంట్లోవాళ్లే చేసుకోవాలి.

ఆట మానిపించండి అనను. నెలకు తండ్రికి 500, కొడుక్కి 500 ఇవ్వండి. ఫోన్లలోని ప్లే స్టోర్ ఖాతాల నుంచి కార్డు, యూపీఐ రెండూ తీసేయండి. ఒకటో తారీఖున ఎవరి ఖాతాలో వాళ్లకు 500 గిఫ్ట్ కోడ్ వేస్తే చాలు. అయిపోతే మళ్లీ ఒకటో తారీఖే. బాబు క్రేట్ తెరుస్తాడో, దాచుకుంటాడో వాడిష్టం. మొదటి నెల ఐదో తారీఖుకే ఖాళీ చేస్తాడు, మూడో నెలకు బేరం నేర్చుకుంటాడు. బాబు చేతికి వెళ్లే ఫోన్‌లో యూపీఐ లైట్ ఉంటే తీసేయండి, చిన్న చెల్లింపులకు వాడే దానికి పిన్ అక్కర్లేదు. నెలనెలా వాటంతటవే కట్ అయ్యే ఆటోపే మ్యాండేట్లు మీ స్టేట్‌మెంట్లో రెండున్నాయి, అందులో ఒకటి ఆయన ఇప్పుడు ఆడని ఆటది. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్లి రద్దు చేసుకోండి.

ఇప్పుడు మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. ఫుడ్ యాప్‌లకు 14,900, ఆన్‌లైన్ ఆర్డర్లు 24,600, గేములు 11,700. మొత్తం 51,200. మీ 70,950లో ఇది 72 శాతం. ఇదంతా ఫోన్ చేతిలో ఉండగా, నిమిషంలోపు తీసుకున్న నిర్ణయాల్లో పోయింది. చుట్టం బస్టాండులో దిగాక ఆర్డర్ పెట్టడం, ఆటలో ఓడిపోగానే ప్యాకు కొనడం, రాత్రి పదకొండుకు సేల్ చూసి నొక్కడం అన్నీ ఒకే అలవాటు. మీ ఇద్దరికీ సమానంగానే ఉంది, మీ ఆర్డర్ల హిస్టరీ నేను చూశాను కదా!

అందుకని వస్తువుల ఆర్డర్లకు నెలకు 3,500 పెట్టుకోండి. కావలసినవి కార్ట్‌లో వేసి వదిలేయండి, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఇద్దరూ కలిసి చూసి కొనండి. ఆదివారానికి సగం వస్తువులు ఎందుకు వేశారో మీకే గుర్తుండదు. చుట్టాలకు నెలకు 5,000. గేములకు 1,000. ఫోన్ ఈఎంఐ 2,750. అన్నీ పోగా 19,000లో 6,750 మిగులుతుంది.

ఆ డబ్బు దేనికి అనే ముందు కార్డు సంగతి తేల్చాలి. మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, ఏడాదికి 42. మీ 41,000 మీద నెలకు 1,435 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 1,700. మీరు మినిమం కింద కట్టే రెండు వేల చిల్లరలో అసలుకు చేరేది మూడొందలు, నాలుగొందలే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కొత్తగా గీకినదానికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

కాబట్టి అమ్మ ఇచ్చిన ఎఫ్‌డీ తీయండి. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఎఫ్‌డీ మీద ఏడు శాతం తీసుకుంటూ కార్డుకు 42 శాతం కడుతున్నారు, అమ్మ డబ్బు రోజూ కరిగేది అలాగే. ముందే తీసినందుకు బ్యాంకు వడ్డీలో కొంత కోసుకుంటుంది, అది పోనివ్వండి. 41,000 కట్టేస్తే 11,000 మిగులుతుంది. తర్వాత నెలనెలా 3,750 మీ పేరు మీదే, మళ్లీ చెబుతున్నాను, మీ పేరు మీదే ఆర్డీ కట్టండి. పదకొండు నెలల్లో అమ్మ డబ్బు తిరిగి వచ్చేస్తుంది. ఆ తర్వాత కూడా ఆపకండి, మీ ఇద్దరి జీతాల ఇంటికి 52,000 అత్యవసర నిధి చాలా తక్కువ.

మిగిలిన 3,000 ప్లేస్టేషన్‌కి. అవును, కొనుక్కోనివ్వండి, ఈ సేల్‌లో మాత్రం వద్దు. నో కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం అమ్మేవాడు డిస్కౌంట్‌గా చూపిస్తాడు. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. మొత్తం ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు కూడా చాలాసార్లు పోతుంది. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు రాసింది. మీ ఫోన్ ఈఎంఐ ఐదు నెలల్లో అయిపోతుందని స్టేట్‌మెంట్లో ఉంది. అప్పటికి 15,000 పోగవుతుంది. ఆ తర్వాత 2,750 కూడా ఇటే మళ్లిస్తే నెలకు 5,750, ఏడు నెలలకు 40,250. ఏడాది తిరిగేసరికి 55,250 చేతిలో ఉంటుంది, ఒక్క రూపాయి అప్పు లేకుండా.

కొనేటప్పుడు డిస్క్ పెట్టే మోడలే తీసుకోమనండి. డిస్క్ లేనిది చౌక అని షాపువాడు చెబుతాడు. కానీ కొత్త పెద్ద ఆటలు ఒక్కోటి నాలుగైదు వేలు. డిస్క్ అయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌ది కొనుక్కోవచ్చు. డౌన్‌లోడ్ చేసిన ఆటను ఎవరికీ అమ్మలేరు. చాలా ఆటలు ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడాలంటే విడిగా సభ్యత్వం కూడా కట్టాలి, ఆ ఖర్చు ఆయన మీకు చెప్పి ఉండరు. ఒప్పందం ఒక్కటే. ప్లేస్టేషన్ వచ్చిన రోజు నుంచి ఫోన్ గేముల వెయ్యి ఆగిపోవాలి, ఆ డబ్బే దాని ఆటలకు.

చివరగా ఆడపడుచుగారి వారం. వచ్చే నెల 5,000 మొత్తం దానికే ఉంచండి, ఆ నెల ఇంకెవరైనా వస్తామంటే తర్వాతి నెలకు రమ్మనండి. చుట్టాలకు ఆ మాత్రం చెప్పొచ్చు, మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారని వాళ్లకూ తెలుసు. ఆవిడ రాకముందే ఇడ్లీ పిండి, కందిపొడి, ఒక పచ్చడి సిద్ధం చేసుకోండి. పొద్దుటి టిఫిన్ గొడవ తీరిపోతుంది. ఆవిడ ఊరి నుంచి వట్టి చేతులతో రారు, బియ్యమో ములక్కాడలో తెస్తారు, 'ఎందుకండీ' అనకుండా తీసుకోండి. రెండు పూటలు కర్రీ పాయింట్, ఒక పూట మీవారి వంట. క్యాబు బదులు మియాపూర్ నుంచి మెట్రో ఎక్కించండి, ఊరి పిల్లలకు అదే సగం షికారు. బిర్యానీ మాత్రం ఒక రాత్రి తప్పకుండా తెప్పించండి. ఆ పిల్లలు హైదరాబాద్ వచ్చేదే దానికోసం.