కుటుంబ నియంత్రణ సేవలు చూడబోయే అమ్మాయికి

పాపా,

కర్నూలు జిల్లా పడమటి మండలాల పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) కుటుంబ నియంత్రణ సేవలు ఎట్లా ఉన్నాయో చూసి రాసే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చానా సంతోషం. నా సర్వీసంతా ఆదోని, ఆలూరు వైపే గడిచింది గనక నాకు తోచింది రాస్తున్నాను.

ఆపరేషన్ల లెక్క చూసి ఏ సెంటర్‌కూ మార్కులు వేయొద్దు. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో వందకు దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. సేవలు అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా ఆ అంకె నిండుగానే కనపడుతుంది. 1996లో కేంద్రం టార్గెట్లు ఎత్తేసింది గానీ, "ఈ నెల ఎన్ని కేసులు?" అని అడిగే అలవాటు మీటింగుల్లో చాలాకాలం పోలేదు. ఇంకో దారి ఉందని ఆ మనిషికి ఎవరైనా చెప్పారా, ఇబ్బంది వచ్చి తిరిగొస్తే పట్టించుకున్నారా అన్నది నువ్వు చూడాలి.

స్టాకు గదిలో ఎక్కువసేపు కూర్చోకు. నిరోధ్, మాలా-ఎన్ మాత్రలు, ఛాయ మాత్రలు, అంతర సూదిమందు, కాపర్-టీ చేత్తో తీసి గడువు తేదీలు చూసుకో, రిజిస్టరుతో సరిచూసుకో, లేచి ఊళ్లోకి పో.

అంతర సూది ఒకసారి వేయించుకుని రెండోసారికి రానివాళ్ల ఇళ్లకు తప్పకుండా పో. మూడు నెలలకోసారి వేసే సూది అది. వేసుకున్నాక ముట్టు క్రమం తప్పుతుంది, కొందరికి మధ్యమధ్యలో మరకలు కనపడతాయి, కొందరికి కొన్నాళ్లకు పూర్తిగా ఆగిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఓర్చుకుంటారు. చెప్పకపోతే కడుపొచ్చిందేమోనని, చెడు రక్తం లోపలే నిలిచిపోయిందని భయపడి మానేస్తారు. మానినాక మళ్లీ గర్భం నిలవడానికి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. కొత్తగా పెళ్లయిన పిల్లకు అది చెప్పకుండా సూది వేస్తే, రేపు అత్తగారింట్లో మాటలు పడేది ఆ పిల్లే.

కోసిగి, పెద్దకడబూరు వైపు మిరపకోతలకని గుంటూరు దిక్కు సుగ్గికి పోతారు, నీకు తెలిసిందే. సూది తేదీ ఆ నెలల్లో పడితే ఏం చేయాలి? సూది కార్డు వెంట తీసుకుపోతే అక్కడి సర్కారు ఆసుపత్రిలోనూ వేయించుకోవచ్చు. తేదీ దాటినా నాలుగు వారాల్లోపు వేస్తారు. ఈ రెండు మాటలు చెప్పి పంపిన ఏఎన్‌ఎం ఉంటే ఆమె గురించి నీ రిపోర్టులో గట్టిగా రాయి. నువ్వు కూడా ఉగాది దాటినాక పో. అంతకుముందు చాలా ఇళ్లకు తాళాలే ఉంటాయి.

ఛాయ మాత్రలు వాడేవాళ్లను "ఏయే రోజుల్లో వేసుకుంటావమ్మా?" అని అడుగు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. "ఆదివారం, బుధవారం" అని టక్కున చెప్పిందంటే ఆమెకు ఎవరో కూర్చోబెట్టి వివరంగా చెప్పారన్నమాట. తడబడితే చెప్పకుండా చేతిలో పెట్టి పంపారని రాసుకో.

కాపర్-టీ విషయంలో రెండు అడగాలి. కాన్పు బల్ల మీద ఉన్నప్పుడు ఆమెకు చెప్పే వేశారా? తీయమని వస్తే తీశారా, "ఇంకొన్నాళ్లు ఉంచుకో" అని తిప్పి పంపారా? రెండోదే నాకు ముఖ్యం. వద్దన్నప్పుడు తీయని చోట, వేయించుకోవడం ఆమె ఇష్టమని ఎట్లా అంటాం?

ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను, ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టిన కాగితం చదివి వినిపించారా అని అడుగు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆపరేషన్ క్యాంపుల్లో 10 మందికి పైగా ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. క్యాంపులు మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఆశా కార్యకర్తను ఇల్లు చూపించేంతవరకే ఉండమను. అత్త ముందర, మొగుడి ముందర ఏదీ అడగొద్దు. "బాగా చూసుకున్నారా?" అంటే అందరూ బాగానే అంటారు. "ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పమ్మా" అని ఊరుకో, ఆమే చెప్పుకుంటూ పోతుంది. హొళగుంద, కౌతాళం దిక్కు కన్నడం వచ్చిన అమ్మాయిని, ఆదోనిలో ఉర్దూ వచ్చిన అమ్మాయిని తోడు తీసుకో.

నోటుబుక్కులో ఎవరి పేరూ రాయకు, నంబరు వేసుకో. చూసిన లోటు ఆ సాయంత్రమే ఏఎన్‌ఎంకు, డాక్టరుకు నెమ్మదిగా చెప్పు. కార్డులు అయిపోవడం, పరదా లేకపోవడం లాంటివి రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సిన పనులు కావు. నీ ప్రశ్నల కాగితం ముందు నాకు పంపు, మన ఆడవాళ్లకు అర్థమయ్యే మాటల్లో ఉందో లేదో చూసి పంపుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ