క్లినిక్ తెరవకముందే ఈ జాబు చదువు

ఒరేయ్ అబ్బోడా,

బంగారుపాళ్యంలో క్లినిక్ పెడతావంట, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈ అత్తకి ఒక మాట చెప్పాలని నీకు తోచలేదా? కోపం ఒక పక్క, తిరుపతి వదిలి పల్లెకు పోతున్నాడే అని గర్వం ఒక పక్క, తెల్లారేదాకా నిద్ర లేదు. అద్దె, బోర్డు సంగతి మీ నాన్న చూసుకుంటాడు. నా టెన్షనంతా కిడ్నీలో, మూత్రనాళాల్లో దాక్కునే టీబీ గురించే.

దగ్గుండదు, ఛాతీ ఎక్స్‌రే కూడా చాలామందికి బాగానే ఉంటుంది. ఎప్పుడో ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కొట్టుకొచ్చిన క్రిమి కిడ్నీలో ఏళ్ల తరబడి ఊరికే ఉండి తర్వాత లేస్తుంది. మాటిమాటికీ ఒంటికి పోవడం, రాత్రి నాలుగుసార్లు లేవడం, మంట, ఒక్కోసారి నొప్పి లేకుండానే రక్తం. మూత్రం పరీక్షలో చీము కణాలు బోలెడుంటాయి, క్రిముల్ని పెంచి చూసే మామూలు కల్చర్‌లో ఏమీ పెరగదు. ఆ కాగితం చూసి ఇన్ఫెక్షన్ లేదన్నావో, చెవి మెలేస్తా. లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఊరికే రాయకు, టీబీని కాస్త అణచి రోగాన్ని దాచేస్తాయి. పొద్దున మొదటి మూత్రం, కనీసం 3 రోజులు వరసగా, టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకీ టీబీ కల్చర్‌కీ పంపు. శుభ్రమైన డబ్బా నువ్వే ఇవ్వు, లేకపోతే కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకొస్తారు. వృషణం వెనక గట్టిగా వాచి, తాకితే వీర్యనాళం పూసలదండలా తగిలిందంటే అనుమానించు. పిల్లల్లేరని అత్తగారు లాక్కొచ్చే అమ్మాయికి కూడా గర్భనాళాలు టీబీతో మూసుకుపోయి ఉండొచ్చు, ఆమెను అందరి ముందూ ప్రశ్నలడగకు.

మందులు నీకు తెలిసినవే, 2 నెలలు నాలుగు రకాలు, 4 నెలలు మూడు రకాలు. టీబీ రోగుల సర్కారు పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చెయ్యి, ప్రైవేటైనా తప్పదు. మూత్రం నారింజరంగులో వస్తుందని మొదటి రోజే చెప్పు, లేకపోతే మళ్లీ రక్తమనుకుని మాత్రలు పారేస్తారు.

ఇప్పుడు నా తప్పు చెప్తా. ఒక మామిడి రైతు ఉండేవాడు. మూత్రంలో టీబీ అని నేనే పట్టుకున్నా, మందులు పెట్టా. రెండో నెలకే మంట పోయింది, రాత్రి నిద్ర పట్టింది, నాలుగు కిలోలు పెరిగాడు. భుజం తట్టి, ఇంక భయం లేదయ్యా అన్నా. స్కాన్ రాయలేదు. బాగున్నవాడికి బస్సు ఖర్చు, స్కాన్ ఖర్చు ఎందుకులే అనుకున్నా, దాన్ని దయ అనుకున్నాను రా. ఒక్క మాత్ర మానకుండా ఆరు నెలలూ వాడాడు. మరుసటి ఏడాది కడుపునొప్పని ఎక్కడో స్కాన్ తీయిస్తే ఎడమ కిడ్నీ నీళ్ల తిత్తిలా ఉబ్బి ఉంది, పనిచేసే భాగం ఏమీ మిగల్లేదు. పుండు మానుతూ మానుతూ మచ్చ కట్టి మూత్రనాళాన్ని బిగించేసింది, మందు దాని పని అది చేస్తుండగానే. ముందే చూసుంటే నాళం మూసుకోకుండా లోపల పెట్టే సన్న గొట్టం, ఒక స్టెంట్‌తో కిడ్నీ నిలిచేదేమో. చివరికి ఆ కిడ్నీ తీసేశారు.

నన్నొక్క మాట అనలేదు. కొన్నేళ్లు సీజన్‌కి ఒక పెట్టె బంగినపల్లి పంపించాడు. ఆ పెట్టె మీ మామే తెరిచేవాడు, నేను తెరవలేకపోయేదాన్ని.

మందు మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లో స్కాన్, తర్వాత మళ్లీ స్కాన్, రోగి నవ్వుతూ వచ్చినా సరే. నాళం సన్నబడుతోందంటే ఆలస్యం చెయ్యకుండా తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో యూరాలజీకి పంపు. బంగారుపాళ్యంలో స్కాన్ ఎక్కడ తీస్తారో, ఎంత తీసుకుంటారో కనుక్కున్నావా? ముందు అది కనుక్కుని ఫోన్ చెయ్యి. వేళకి తిను.

మీ అత్త