ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌కు అమ్మాయిని పంపొచ్చా? పంపండి, కానీ పని చేతికిచ్చే చోటు చూసుకోండి

మీ అమ్మాయి పది పాసై, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడే కావాలని పట్టుబడుతోందని, తర్వాత అప్రెంటిస్‌కు పంపాలంటే ఇంట్లో అందరికీ భయంగా ఉందని రాశారు. నేను అదే ట్రేడ్ చేసి, ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నాను. ధైర్యంగా పంపండి. మీరు బరువులకు, షాకులకు భయపడుతున్నారు. నన్నడిగితే, పని నేర్పకుండా కూర్చోబెడతారేమో అన్నదానికే ఎక్కువ భయపడాలి.

ఐటీఐ రెండేళ్లూ బాగానే గడిచాయి. వైరింగ్ బోర్డు దగ్గర అబ్బాయిలతో సమానంగా చేశాం. అప్రెంటిస్‌కు వెళ్లిన కంపెనీలో మాత్రం "నీకెందుకమ్మా ఈ మసి, స్టోర్‌లో రిజిస్టర్ రాయి" అన్నారు. ప్రేమగానే అన్నారు, అందుకే కాదనడం కష్టమైంది. నాతో చేరిన అబ్బాయిలు మోటార్లు విప్పి బేరింగులు మారుస్తుంటే, వాళ్లు ఎన్ని తీసుకెళ్లారో లెక్క రాస్తూ ఉండేదాన్ని. చివరికి మా నాన్న వయసున్న ఒక సీనియర్ ఎలక్ట్రీషియన్ ఫోర్‌మన్‌తో మాట్లాడి నన్ను తన షిఫ్టులో వేయించుకున్నారు. పెద్ద మోటార్లను నడిపించే స్టార్-డెల్టా స్టార్టర్ ఎందుకు ట్రిప్ అవుతోందో డయాగ్రం పట్టుకుని వెతకడం, ఇన్సులేషన్ కొలిచే మీటరు మెగ్గర్‌తో వైర్లు, మోటార్లు చూడటం, పని మొదలుపెట్టే ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవడం అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ షిఫ్టుల్లో నేర్చిన పనిదే.

అందుకే చేరే ముందే కంపెనీలో అడగండి. ఏ సెక్షన్‌లో వేస్తారు, ఎవరి కింద, ఎన్నాళ్లకు మారుస్తారు? ఆడవాళ్ల టాయిలెట్ పనిచేసే వర్క్‌షాపు దగ్గరే ఉందా, ఎక్కడో ఆఫీసు బిల్డింగ్‌లో ఉందా? ఈ మాట అడగడానికి మొహమాటపడొద్దు, అది దూరమని షిఫ్టంతా నీళ్లు తాగకుండా ఉన్న అమ్మాయిలను చూశాను. గ్లవ్స్, సేఫ్టీ బూట్లు తన సైజువే ఇప్పించమనండి. వదులు గ్లవ్స్‌తో టెర్మినల్ బిగించడం కుదరదు.

ఫ్యాక్టరీలో ఆరోగ్యం, భద్రత విషయాల్లో అప్రెంటిస్‌నూ కార్మికులతో సమానంగా చూడాలని 1961 అప్రెంటిస్ చట్టం చెబుతోంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం కూడా అప్రెంటిస్‌ను ఉద్యోగిగానే లెక్కిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఈ ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఫిర్యాదు మూడు నెలల్లోగా రాసివ్వాలి. కమిటీలో ఎవరెవరున్నారో మొదటి రోజే అమ్మాయిని రాసిపెట్టుకోమనండి.

ఐటీఐ పాసైనవాళ్లకు నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలని 2019లో నిబంధన పెట్టారు, ఇప్పుడు ఎంతో చేరే ముందే కనుక్కోండి. అప్రెంటిస్ పూర్తయ్యాక అదే కంపెనీ ఉద్యోగం ఇస్తుందని మాత్రం అనుకోవద్దు, ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ఆ లెక్కన రైల్వే మేలు. అక్కడ అప్రెంటిస్ పూర్తిచేసిన వాళ్లకు లెవెల్-1 (అన్నిటికంటే కింది జీతం స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. దక్షిణ మధ్య రైల్వేలో పది, ఐటీఐ మార్కులు చూసి తీసుకుంటారు, ఆడపిల్లలకు దరఖాస్తు ఫీజు ఉండదు. కాబట్టి ఐటీఐ మార్కులు ముఖ్యం.

"ఆడపిల్లను స్తంభం ఎవరెక్కనిస్తారు" అని మీ బావగారు అన్నారట. తెలంగాణలో 2019 జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్‌కు ఆడవాళ్ల దరఖాస్తులు తీసుకోనప్పుడు బబ్బూరి శిరీష, భారతి హైకోర్టుకెళ్లారు. స్తంభం ఎక్కే పరీక్ష కాగితం మీద రాసే పరీక్షంత తేలిగ్గా ఉండదు, అయినా ఎక్కి చూపించారు. 2022లో శిరీష ఉద్యోగంలో చేరింది. ఆమె కూడా ఐటీఐ ఎలక్ట్రీషియనే. ఆ మాట బావగారికి చెప్పండి.

ఇంకొకటి. అప్రెంటిస్ కాంట్రాక్టు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదైందో లేదో మొదటి నెలలోనే చూసుకోండి. నోటిమాటగా చేర్చుకుంటే ఏడాది పనిచేసినా జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు.